సముద్రంలో తప్పిపోయిన కొడుకు, తెల్లవారుజామున మొదలయ్యే తాగుడు: విశాఖపట్నం నుంచి ఒక కేస్ స్టడీ

ఇంట్లో ఎవరో పోయాక తాగుడు ముదిరిందని చెప్పే కుటుంబాలు వ్యసన చికిత్స విభాగానికి తరచుగా వస్తుంటాయి. అలాంటప్పుడు చాలామంది వైద్యులు పాటించే వరుస ఒకటి ఉంది: ముందు తాగుడు మాన్పించాలి, దుఃఖం సంగతి ఆ తరువాత చూడాలి. ఈ కేసులో ఆ వరుస పనికిరాదని తొలి వారాల్లోనే తేలింది. ఈ మనిషి ఏ వేళకు తాగుతున్నాడో చూస్తే చాలు, దేనికి దుఃఖిస్తున్నాడో అర్థమయ్యేది; ఒకదాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని ముట్టుకునే వీలు లేకపోయింది. రెండింటికీ కలిపి చికిత్స ఎలా నడిపామో, ఏది ఇంకా తేలలేదో ఇక్కడ రాస్తున్నాను. రోగి, ఆయన భార్య అనుమతి తీసుకున్నాను, వారిని గుర్తుపట్టగల వివరాలను మార్చాను. పేరు రాయడం లేదు కనుక వృత్తిని బట్టి ఆయనను సరంగు, అంటే బోటు నడిపేవాడు, అంటాను.

వచ్చిన తీరు

సరంగు వయసు 46 ఏళ్లు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చిన్నతనంలోనే మరబోటు మీద కళాసీగా, అంటే పనివాడిగా, చేరి, క్రమంగా బోటు నడిపే స్థాయికి వచ్చారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ నిషేధం మొదలైన తొలి వారంలోనే ఆయనకు ఇంట్లో ఫిట్స్ వచ్చాయి. అప్పటికి 14 నెలలుగా ఆయన సముద్రం మీదికి వెళ్లడం లేదు. హార్బర్‌లో వలలు బాగుచేస్తూ, వేట నుంచి దిగినవాళ్లు జాలిపడి పోయించినది తాగుతూ రోజులు గడుపుతున్నారు. వేట ఆగేసరికి వాళ్ల చేతుల్లో డబ్బు ఆడలేదు, దానితో ఈయనకు పోయించేవారూ లేకపోయారు.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే, 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే. అన్నిటికంటే ప్రమాదకరమైన మతిభ్రమ స్థితి, అంటే డెలీరియం ట్రెమెన్స్, 48 నుంచి 96 గంటల మధ్య కమ్ముకుంటుంది. సరంగు విషయంలోనూ అలాగే జరిగింది. ఎమర్జెన్సీలో ఫిట్స్‌కు చికిత్స చేసి, తలకు దెబ్బ తగల్లేదని స్కాన్‌లో నిర్ధారించుకున్నాక మా వార్డుకు మార్చారు.

ఆ రాత్రి ఆయన మంచం మీద లేచి కూర్చుని, దుప్పటి అంచును రెండు చేతులా పట్టుకుని, చేతి వెనుక చేయి వేస్తూ తన వైపు లాగడం మొదలుపెట్టారు. లాగినంత మేరా ఒళ్లో పోగు పెడుతూ, మధ్యమధ్య అందులోంచి ఏదో ఏరి పక్కకు విసిరేస్తున్నారు. ఆయన వల లాగుతున్నారని మాలో అందరికంటే ముందు గ్రహించినవాడు వార్డు బాయ్, అతనిది మత్స్యకారులుండే జాలారిపేట. మతిభ్రమలో ఉన్న మనిషి తన వృత్తిపనిని ఉత్త చేతులతో చేయడం, దర్జీ అయితే లేని గుడ్డను కుట్టడం, డ్రైవరైతే లేని స్టీరింగు తిప్పడం, మా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అయితే సరంగు పని చేస్తూ ఒకే మాట అంటున్నారు: "లైటెయ్యిరా, లైటెయ్యి." గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఈ స్థితిలో ఉన్నవారి గది వెలుతురుగా ఉంచడం మా పద్ధతి. ఆ మాటను కేసు షీట్‌లో ఉన్నదున్నట్టు రాయమని డ్యూటీ నర్సుకు చెప్పాను.

కాలేయ పరీక్షలు బాగా దెబ్బతిని ఉండడంతో క్లోర్‌డయాజిపాక్సైడ్ బదులు, మద్యం మానినప్పటి లక్షణాలను అణచడానికి లోరజిపామ్ వాడాం. గ్లూకోజు ఎక్కించేముందే థయమిన్ ఇంజెక్షన్లు ఇచ్చాం. ఆ వరుస తప్పితే, పోషణ లేక నీరసించిన తాగుబోతు రోగికి వెర్నికీ మెదడు జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. మతి స్థిమితం లేని స్థితిలో సమ్మతి తెలపలేరు కనుక, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 89వ సెక్షన్ కింద భార్య కోరిక మీద చేర్చుకున్నాం. ఐదారు రోజుల్లో తెలివిలోకి వచ్చాక విషయం చెప్పి, ఆయన ఇష్టంతోనే 86వ సెక్షన్ కిందికి మార్చాం. దీన్ని కాగితాల పనిగా చూసేవాళ్లున్నారు. "ఉండమంటారా, ఎల్లిపోమంటారా" అని అడిగిన మనిషికి "అది మీ ఇష్టం" అని చెప్పగలగడం తరువాతి చికిత్సకు ఎంతో పనికొచ్చిందని నేననుకుంటాను.

జరిగినది

ఆయన కొడుక్కు 21 ఏళ్లు. ఐటీఐ పూర్తి చేసి, ఉద్యోగం దొరికేదాకా తండ్రి నడిపే బోటులోనే కళాసీగా వెళ్లేవాడు. ఒక ఫిబ్రవరి రాత్రి, దాదాపు 30 బారల లోతులో, వల పైకి తీస్తున్నప్పుడు కుర్రవాడు వెనుక వైపు నుంచి నీళ్లలో పడిపోయాడు. తెల్లవార్లూ బోటును అక్కడే గిరగిరా తిప్పారు. వైర్‌లెస్‌లో కబురందుకుని చుట్టుపక్కల బోట్లు వచ్చాయి, తీర రక్షక దళం వెతికింది, హార్బర్ నుంచి మరికొన్ని బోట్లు బయలుదేరి వెళ్లాయి. శవం దొరకలేదు.

శవం దొరకకపోవడంతో కుటుంబానికి మరణ ధ్రువపత్రం రాలేదు. ఏడేళ్లపాటు ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టుగా భావించవచ్చని పాత సాక్ష్య చట్టంలోని 108వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని 111వ సెక్షన్ చెబుతోంది. కులపెద్దలు చిన్న దినం, పెద్ద దినం ఎప్పుడు పెట్టుకుంటారని అడిగారు. తల్లి ఒప్పుకోలేదు. "దినం సేస్తే ఆడు సచ్చిపోయినట్టే కదా బాబూ. నా నోటితో నానే సంపినట్టు," అని ఆమె నాతో అన్నది. ఆమె ఆశ వట్టి భ్రమ అని తోసిపుచ్చలేం. 2018లో గుజరాత్ తీరంలో వేటాడుతూ పాకిస్థాన్ అదుపులోకి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో తిరిగి ఇళ్లకు చేరారు. ఆ సంగతి ఈ తీరంలో ప్రతి ఇంటికీ తెలుసు. సముద్రం మింగిందనుకున్నవాడు వేరే దేశపు జైల్లో ఉండవచ్చన్న ఊహకు ఇక్కడ ఆధారం ఉంది.

మనిషి పోయాడో ఉన్నాడో తెలియని ఈ స్థితిని అమెరికా పరిశోధకురాలు పాలీన్ బాస్ అస్పష్ట నష్టం అన్నారు. యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలను పరిశీలిస్తూ ఆమె ఈ భావనను రూపొందించారు. అటువంటి కుటుంబాలను "అంగీకరించండి" అని తొందరపెట్టడం వల్ల మేలు జరగదని, "పోయి ఉండవచ్చు, రానూ వచ్చు" అన్న రెండు మాటలనూ ఒకేసారి మోయగలిగేలా తోడ్పడాలని ఆమె వాదన. దీన్ని వార్డు గోడ మీద రాసుకోవడం తేలికే గాని, దినం పెట్టలేదని కులపెద్దలు నిలదీస్తున్న ఇంట్లో ఆచరించడం తేలిక కాదు.

తాగుడు వేళ

సరంగు అంతకుముందు తాగనివారు కాదు. వేట నుంచి దిగిన రోజున, వాటా డబ్బు చేతికొచ్చినప్పుడు, నలుగురితో కలిసి తాగేవారు. బోటు మీద తాగేవారు కాదని భార్యా, తోటి కళాసీలూ విడివిడిగా చెప్పారు. కొడుకు కోసం వెతకడం ఆపేసి బోట్లు తిరిగొచ్చిన సాయంత్రం చుట్టాలే ఆయనకు గ్లాసు అందించారు. బాధలో ఉన్నాడు, ఇది పడితే కాసేపు పడుకుంటాడన్నది వాళ్ల ఉద్దేశం. మన సినిమాల్లో దుఃఖం కలిగిన మగవాడి చేతికి సీసా ఇవ్వకపోతే దుఃఖం చూపించినట్టు కాదన్న ఒక అలవాటు పాతుకుపోయింది. నిజానికి ఆ సీసా చేతికిచ్చేది ఇంటివాళ్ల ప్రేమేనన్నది ఏ సినిమాలోనూ కనిపించదు. అందుకే కుటుంబాన్ని తప్పుపట్టడం వల్ల ఏమీ ఒరగదు.

తెలివిలోకి వచ్చాక మా సైకాలజిస్టు ఆయనతో ఒక రోజంతా గంటగంటకూ ఎలా గడిచేదో చెప్పించారు. రాత్రి తాగి పడుకోవడం, సుమారు 3 గంటలకు మెలకువ రావడం, 4 గంటలకల్లా హార్బర్ చేరడం, అక్కడ మొదటి గ్లాసు. బోట్లు లోపలికి వస్తున్నంతసేపూ జెట్టీ మీద నిలబడి ఉండేవారు. ఆఖరి బోటు కట్టేశాక ఇంక స్పృహ ఉండేది కాదు. ఎందుకు వెళ్తారని అడిగితే, "బోట్లన్నీ ఒచ్చీదాకా ఉండాల కదా బాబూ," అన్నారు.

ఇందులో శరీరం పాత్ర ఒకటుంది, దుఃఖం పాత్ర ఒకటుంది. మద్యం నిద్రపుచ్చుతుంది గాని, ఒంట్లోంచి తగ్గుతున్నకొద్దీ మెదడు ఉలిక్కిపడి లేస్తుంది. తెల్లవారుజామున మెలకువ, గుండె దడ అందుకే. ఆ మెలకువ వచ్చే వేళకే హార్బర్‌లో బోట్లు చేరడం, చేపల వేలం పాట మొదలవడం. ఒక వైపు నుంచి లోపలి వణుకు, మరో వైపు నుంచి కొడుకు ఏ బోటులోనైనా దిగుతాడేమోనన్న ఎదురుచూపు, రెండూ ఒకే గంటలో కలిసేవి. ఆయన మరిచిపోవడానికి తాగుతున్నారని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. జెట్టీ మీద నిలబడగలగడానికి తాగుతున్నారని నాకు అనిపించింది. ఈ తేడా తేలకుండా "తాగాలనిపిస్తే వేరే పనిలో పడండి" అని చెప్పి ఇంటికి పంపితే ఏమీ జరిగేది కాదు.

నిర్ధారణ

తాగుడు తీవ్రతను కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి ఆడిట్‌లో 40కి ఆయన స్కోరు 33. 20 దాటితేనే ఆధారపడ్డారని అనుమానించాలి. దుఃఖం విషయంలో 19 ప్రశ్నల ఐసీజీ కొలతను సోషల్ వర్కర్ చదివి వినిపించారు. ఆ ప్రశ్నలన్నీ మనిషి చనిపోయాడన్న ఊహ మీద తయారైనవి. కనుక ప్రతి ప్రశ్నలోనూ "మీ అబ్బాయి" అని మాత్రమే అడిగి, చావు ప్రస్తావన వదిలేశాం. 25 దాటితే ఆలోచించవలసిన ఆ కొలతలో ఆయనకు 54 వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం దీర్ఘకాల శోక రుగ్మతకు కనీసం 6 నెలలు గడవాలి, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తెచ్చిన డీఎస్ఎమ్-5-టీఆర్ ప్రకారం పెద్దవారిలో ఏడాది గడవాలి. సరంగుకు రెండూ గడిచాయి. మద్యం వల్ల కలిగే దిగులు మానేసిన మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది కనుక, డిప్రెషన్ ఉందని రాయడానికి అంతవరకు ఆగాం. ఆకలి, నిద్ర, చురుకుదనం మెరుగయ్యాయి గాని కొడుకు మీది ధ్యాస పిసరంత కూడా కదలలేదు. తెల్లవారుజామున కొడుకు గొంతు వినిపిస్తుందని కూడా ఆయన చెప్పారు. వార్డులో కొత్తగా చేరిన డాక్టరు దీన్ని సైకోసిస్‌గా, అంటే వాస్తవంతో సంబంధం తెగే మానసిక జబ్బుగా, భావించి మందు మొదలుపెడదామన్నారు. ఆత్మీయులు దూరమైనవారిలో చాలామందికి ఆ గొంతు వినిపిస్తుంది. దానికి మందు అక్కరలేదు.

మందుల సంగతి

తాగుడు మాన్పించడానికి వాడే మందుల్లో, కాలేయం పరిస్థితి చూసి నాల్‌ట్రెక్సోన్, డైసల్ఫిరామ్ పక్కన పెట్టాం. మూత్రపిండాలు బాగున్నాయి కనుక అకాంప్రోసేట్ మొదలుపెట్టాం: 333 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు చొప్పున రోజుకు మూడు పూటలు. ఆరు మాత్రలు మింగడమంటే ఏ రోగికైనా విసుగే. మాత్రలను ఇంట్లో అన్నం గిన్నెల పక్కనే పెట్టించాం.

ఆయన బావమరిది ఒక్కడే వచ్చి, తెలియకుండా కూరలో కలిపే మందు రాయమన్నాడు. విశాఖలో ఈ అడుగుడు మాకు కొత్త కాదు. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉన్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. తెలియకుండా పెట్టడమంటే ఆ మనిషికి జాగ్రత్తపడే అవకాశం లేకుండా చేయడం. పైగా కాలేయం ఇంతగా దెబ్బతిన్నవారికి తెలిసి ఇచ్చినా ప్రమాదమే. బావమరిదికి ఇవన్నీ వివరించి చెబుతున్నప్పుడే, ఆ రాత్రి బోటు మీద తానూ ఉన్నానని అతను అన్నాడు. చికిత్సకు అదే అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది.

ఆ రాత్రిని తిరిగి చెప్పడం

అమెరికా మానసిక వైద్యురాలు క్యాథరీన్ షియర్ బృందం రూపొందించిన శోక చికిత్సలో రోగి కళ్లు మూసుకుని ఆ ఘటనను వర్తమానంలో చెబుతూ పోతాడు, దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినమంటారు. ఆ చికిత్స మామూలుగా 16 విడతలు సాగుతుంది. మేము రెండు మార్పులు చేశాం. భార్య ఉన్న ఒకే గది ఇంట్లో ఆ రికార్డు వినడం కుదరదు కనుక క్లినిక్‌లోనే వినేలా చేశాం. తాగుడు మానిన తొలి నెలలో ప్రతి విడతనూ ఉదయంపూట పెట్టి, ఆ రోజంతా ఆయన వెంట ఎవరో ఒకరు ఉండేలా చూశాం. దుఃఖం కదిలితే తాగుడుకు తిరుగుతారన్న భయంతో ఈ చికిత్సను ఆర్నెల్లు వాయిదా వేయాలని వాదించేవారున్నారు. సరంగు విషయంలో వాయిదా వేసినా దుఃఖం రోజూ 4 గంటలకు కదులుతూనే ఉంది. క్లినిక్‌లో కదలడమే మేలు.

మొదటిసారి ఆయన లోతు, గాలి, ఇంజను, వల అన్నీ వృత్తి లెక్కన చెప్పి, కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. మూడో విడతలో "లైటెయ్యి" మాట వచ్చింది. కుర్రవాడు పడ్డాడన్న కేక వినగానే నీళ్ల మీదికి లైటు వేయమని అరిచారట. లైటు పడేలోపే, తానే ఇంజను గేరులో పెట్టి వెనక్కి తిప్పానని, బోటు అడుగున తిరిగే ఫ్యాను తగిలే కొడుకు పోయాడని ఆయన నమ్మకం. 14 నెలలుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

తరువాతి విడతకు, ఆయన అనుమతితో, బావమరిదిని పిలిచాం. సరంగు చెప్పినదంతా విని అతను తల అడ్డంగా ఊపాడు. "కాదు బావా. గేరు న్యూట్రల్లో ఉంది. వించి తిరుగుతుంటే నువ్వే ఏసినావు. నాను పక్కనే ఉన్నాను. లైటు పడ్డాకే మళ్లీ గేరెట్టినావు, అప్పటికి ఆడు కనబడ్లేదు." సరంగు మూడుసార్లు అదే ప్రశ్న అడిగారు, మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. ఆ తరువాత చాలాసేపు ఇద్దరూ ఇంజను గురించే మాట్లాడుకున్నారు.

దీనితో అపరాధభావం పోయిందని చెప్పను. "నేనే చంపాను" అన్నది "వాడిని బోటు ఎందుకెక్కించాను" అన్న దానిగా మారింది. ఈ రెండో మాటతో మనిషి బతకగలడు. అది ఏ తండ్రి నోటి నుంచైనా వచ్చే మాట.

భార్యతో విడిగా మాట్లాడుతున్నప్పుడు ఒక సంగతి తెలిసింది. ఆమె హార్బర్‌లో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. ఆ ఫిబ్రవరి నుంచి ఇంట్లో మాత్రం చేప వండలేదు. భర్తకు అది తన మీద వేసిన శిక్షగా కనిపించేది. ఎందుకని ఆయన ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టినప్పుడు ఆమె చెప్పిన కారణం వేరు: కొడుకు సముద్రంలో ఉంటే, ఆ సముద్రం చేపను ఎలా తింటామన్నది. ఆమెకు తెలియకుండానే ఆ మాటలో కొడుకు లేడన్న సంగతి ఉంది. మేము దాన్ని ఎత్తి చూపలేదు.

జూన్ 15 తరువాత

నిషేధం ముగిసి బోట్లు వేటకు వెళ్లడం, వారం పది రోజులకు తిరిగి రావడం మొదలైంది. జూన్ చివర్లో ఒక తెల్లవారుజామున ఆయన హార్బర్‌కు వెళ్లి తాగారు, మర్నాడు కూడా తాగారు. మూడో రోజు బావమరిది క్లినిక్‌కు తీసుకొచ్చాడు. ఇది మేము ఊహించినదే. ఆ గంటను ఎదుర్కోవడం వార్డు గదిలో నేర్పడం కుదరదు. అందువల్ల ఆయనను హార్బర్‌కు దూరంగా ఉంచమని కుటుంబానికి చెప్పకుండా, మా సైకాలజిస్టు, బావమరిది కలిసి తెల్లవారుజామునే ఆయనను అక్కడికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. మొదట గేటు దాకా, తరువాత పాట జరిగే చోటికి, ఆ తరువాత జెట్టీ మీదికి. ముందురోజు రాత్రి మద్యం ముట్టకపోతే 3 గంటల మెలకువ రావడం లేదని, అలారం పెట్టుకోవలసి వస్తోందని ఆయనే గమనించి చెప్పారు. మద్యం తోడు లేకుండా జెట్టీ మీద నిలబడ్డ మొదటి రోజున ఆయన ఐసు మిల్లు వైపు తిరిగి వాంతి చేసుకున్నారు, అయినా ఆఖరి బోటు దాకా ఉన్నారు. వెళ్లొద్దని మేము ఎప్పుడూ అనలేదు. కొన్ని వారాలకు తానే రెండు మూడు రోజులకోసారి వెళ్లడం మొదలుపెట్టారు.

ప్రస్తుత స్థితి

ఈ వ్యాసం రాసే నాటికి చికిత్స మొదలై ఏడాది అవుతోంది. జూన్ తరువాత ఒకే ఒక్కసారి, కొడుకు తప్పిపోయిన తేదీ దగ్గరపడ్డప్పుడు తాగి, ఆ సాయంత్రమే ఫోను చేశారు. ఐసీజీ స్కోరు 27కు దిగింది, కాలేయ పరీక్షలు దాదాపు మామూలుకు వచ్చాయి. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టినప్పుడు తల్లి కొడుక్కు కూడా ఒక చొక్కా కొని, వాటితో కలపకుండా విడిగా బీరువాలో పెట్టింది. దినం ఇంకా పెట్టలేదు, పెట్టమని మేమూ అనడం లేదు. తప్పిపోయిన వ్యక్తిగా పోలీసు రికార్డులో నమోదైన కాగితాలు, మత్స్యశాఖకు ఇచ్చిన దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చాయో సోషల్ వర్కర్ నెలనెలా చూస్తున్నారు.

సరంగు ఇప్పుడు బోట్లు ఒడ్డుకెక్కించి మరమ్మతు చేసే చోట ఇంజను పని చేస్తున్నారు. నిషేధం ముగిశాక తిరిగి వేటకు వెళ్తానంటున్నారు. బోటు నడపడానికి కాదు, కళాసీగా. సైకాలజిస్టు దీనికి అనుకూలం. నాకు ఒక అనుమానం ఉంది: ఒడ్డున తెల్లవారుజామును ఎదుర్కొన్నారు గాని, రాత్రిపూట వల పైకి తీసే వేళను ఇంకా ఎదుర్కోలేదు, అక్కడ ఏమైనా జరిగితే ఆస్పత్రి చేరడానికి గంటలు పడుతుంది. ప్రస్తుతానికి మధ్యేమార్గంగా, ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చిన్న పడవ మీద ముందు వెళ్లి చూడాలని, అప్పటిదాకా అకాంప్రోసేట్ ఆపకూడదని ముగ్గురం ఒప్పుకున్నాం. ఈ ఏప్రిల్ 15కు ముందు నుంచే, హార్బర్ చుట్టుపక్కల నుంచి ఫిట్స్‌తో వచ్చే మగవారిని ఆఖరిసారి ఎప్పుడు తాగారో తప్పకుండా అడగాలని ఎమర్జెన్సీ డ్యూటీ డాక్టర్లకు మా విభాగం నుంచి ఒక నోటు పంపాం.